పురుగుల మేత బండికి డీజిల్ ఇంజిను

మునిరత్నమ్మ నీలి బండి ఇంజిను బుధవారం పొద్దున పదకొండింటికి పగిలింది. అప్పటికి ఆమె షెడ్డులో పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచి రెండు రోజులు. ఈ రెండూ ఒకేసారి రావడం ఎంత ఘోరమో పురుగులు మేపని వాళ్ళకు కాస్త చెప్పాలి.

పట్టుపురుగు పెరిగే నెలలోపల నాలుగుసార్లు మేత మానేసి, తల పైకెత్తుకుని, కదలకుండా పడి ఉంటుంది. పాత తోలు వదిలేసి లేస్తుంది. దాన్నే మా వైపు జ్వరం అంటారు. నాలుగోది లేచాక ఒక వారం తింటుంది చూడండి, తిండంటే అదీ! అంతకుముందు పుట్టినప్పటినుంచి తిన్నదంతా కలిపినా ఈ వారం తిండికి సరిపోదు. ఆ వారంలో ఆకు తగ్గిందా, గూడు పలచగా వస్తుంది, లేదంటే అసలు కట్టదు.

మునిరత్నమ్మకు నలభై ఏడేళ్ళు. పుట్టింది గౌరిబిదనూరు దగ్గర హొసూరులో, మెట్టింది బాగేపల్లి తాలూకా గూళూరు పక్క పల్లెకు. షెడ్డు ఇంటి వెనకే. ఆకు తోట మాత్రం పద్నాలుగు కిలోమీటర్ల అవతల, చేలూరు వైపు. ఇంటి దగ్గరి బోరు రెండేళ్ళ కిందట ఎండిపోతే, నీళ్ళున్న చోట తోటను గుత్తకు తీసుకుంది. రోజుకు మూడు వందల కిలోల ఆకు అక్కడ కోసి, తడి గోతాలు కప్పి, బండిలో ఇంటికి తేవాలి. ఆ బండి తోలేది ఆమే.

భర్త రవీంద్రకు స్టీరింగు పట్టుకుంటే కళ్ళు తిరుగుతాయి. నిజంగానే. పెళ్ళయిన కొత్తలో మామ వెంకటరాయప్ప కొడుకుకు నేర్పబోయి రెండుసార్లు కంచెలోకి తోలించుకుని, మూడోరోజు కోడలిని పిలిచాడు. "అమ్మా, వీనికి పురుగులు అప్పజెప్పు. నువ్వు రా, కూర్చో." ఎండిన చెరువులో నెలరోజులు నేర్పాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో పని అట్లాగే పంచుకున్నారు. ఆయన పురుగుల మనిషి, ఆమె బండి మనిషి. గూళూరు సర్కిల్లో బస్సు డ్రైవర్లు కూడా ఆమె హారను విని దారి ఇస్తారు.

బండి కూడా మామదే. ముప్పై ఎనిమిదేళ్ళ పాత పెట్రోలు పికప్పు. ఆ బుధవారం తోట గేటు దగ్గరికి వచ్చేసరికి ఇంజిను లోపల ఎవరో సుత్తి పెట్టి కొట్టినట్టు రెండు దెబ్బలు వినపడ్డాయి. కింద నల్లగా ఆయిలు మడుగు కట్టింది. అంతే.

అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. వేరే బండి మాట్లాడుకోవచ్చు కదా? ఊళ్ళో బండ్లకు కరువా? మునిరత్నమ్మ అన్న కొడుకు కిశోర్‌కే కొత్త గూడ్సు బండి ఉంది. ఫోను చేసిన అరగంటకు వచ్చేశాడు కూడా.

"ఎక్కించు అత్తా. ఎంతసేపు? ఎన్ని ట్రిప్పులైనా కొట్టేస్తా."

మునిరత్నమ్మ బండి వెనక్కి పోయి, తొట్టి మూలలో వేలు పెట్టి రాసి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నిన్న యాడికి తోలితివి?"

"చింతామణి మార్కెట్టుకు. టమోటా."

"మొన్న?"

"టమోటానే. కడిగినా అత్తా, సబ్బు పెట్టి కడిగినా. నీ పురుగులకు పరుపు ఏసినట్టు ఉండాది చూడు."

"పోయిన పంటకు గూడ ఇట్లనే కడిగితిమి గదరా. టార్పాలు గూడ పరిస్తిమి."

పోయిన పంటలో నీలి బండి రిపేరులో ఉన్నప్పుడు ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు, టమోటా బండిలో ఆకు వచ్చింది. టమోటాకు కొట్టిన మందు తొట్టి సందుల్లో ఏ కొంచెం మిగిలిందో, మరునాటి పొద్దునకు పురుగులు పచ్చనీళ్ళు కక్కి, మెలికలు తిరిగి, తట్టలు తట్టలుగా చచ్చిపోయాయి. రవీంద్ర వాటిని గుంట తీసి పూడ్చి మూడు రోజులు అన్నం తినలేదు. ఈసారి కూడా పోతే షెడ్డు మూసేద్దామని, తాను బెంగళూరుకు వాచ్‌మన్ పనికి పోతానని అన్నాడు. రవీంద్ర ఊరికే మాటలు అనే మనిషి కాదు. మునిరత్నమ్మకు ఆ సంగతి బాగా తెలుసు.

ఊళ్ళో మిగతా బండ్లూ టమోటా మోసేవే. అందుకే బుధవారం ఆకు రెండు బైకుల మీద గోతాల్లో వచ్చింది. ఎన్ని తిప్పలు పడినా సగం మేతకే సరిపోయింది.

సాయంత్రానికి బాగేపల్లి నుంచి లక్ష్మణప్ప వచ్చాడు. నలభై ఏళ్ళుగా మెకానిక్. వాళ్ళ పక్కింట్లో ఉండే నేను మెకానికల్ ఇంజనీరింగు చదివింది కాలేజీలో అయినా, ఇంజిను విప్పడం చూసింది ఈయన దగ్గరే. బండి కింద దూరి, టార్చి వేసి, బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"బ్లాకు పగిలిపొయ్యిందమ్మా. దీనికి సామాన్లు ఇప్పుడు యాడా దొరకవు. ఈ ఇంజిను కథ అయిపొయ్యింది."

"బండి కథ అయిపోలే గదన్నా."

"బండికేం, ఇంకా నూరేండ్లు ఉంటాది. ఇంజినే కావల్ల."

ఇంజిను కిశోర్ కనిపెట్టాడు. చింతామణి దగ్గర కెంచార్లహళ్ళిలో ఒక రైతు, ఇదే కంపెనీ డీజిల్ ఇంజినును బావి మీద పంపుకు బిగించుకుని ఏళ్ళ తరబడి వాడాడు. కరెంటు మోటారు వచ్చాక పక్కన పెట్టేశాడు. ఫోటో పంపితే లక్ష్మణప్ప ఫోను కళ్ళకు ఆనించుకుని చూశాడు. "ఇది మన గేరుబాక్సుకు కూర్చుంటాది. ఇంజిను నిలబడే ముందర కాళ్ళు మాత్రం మార్చల్ల. ఆర్‌టీఓ కాగితాలు తర్వాత చూసుకుందాం. పట్రా."

గురువారం తెల్లవారేసరికి టమోటా బండిలోనే ఇంజిను తోట దగ్గరికి వచ్చింది. ఇంజినుకు మందు వాసన తగిలినా ఏం కాదు కదా! నేనూ వెంట పోయాను. అటువంటి పని చూడకుండా ఉండగలనా?

ఆ పొద్దున ఆరింటికి షెడ్డులో ఉన్న ఆకంతా అయిపోయింది. తర్వాతి మేత పదకొండింటికి పడాలి. నిన్నటి బైకులు ఆ రోజు దొరకలేదు. రవీంద్ర ఫోను మొదలైంది.

"పొద్దుటిది అరగంటలో నమిలేసినాయి. ఈనెలు తప్ప ఏం లే."

"వస్తాండాం."

"ఎంత సేపు?"

"పెట్టెయ్యప్పా ఫోను."

ఇంజిను ఎత్తడానికి బైరప్ప వచ్చాడు. బోరుబావుల్లో పడిపోయిన మోటార్లు పైకి లాగడం ఆయన పని. మూడు కాళ్ళ ఇనుప స్టాండు, చైను పుల్లీ ఆయనవే. పాత ఇంజినును బయటికి లాగి పక్కన పడేసేసరికి ఎనిమిదయింది. డీజిల్ ఇంజిను దాదాపు దానికి ఒకటిన్నర రెట్లు బరువు. గొలుసు పట్టుకుని లాగుతూ బైరప్ప నవ్వాడు.

"బోర్లో మోటరైతే ఆరు నూర్ల అడుగుల కింద ఉంటాది. తెగినా ఎవురి కాళ్ళ మీదా పడదు. ఇది మన కాళ్ళ మీదే."

ఆయన ఆ మాట అని ముగించలేదు, స్టాండు కాలొకటి తోట పక్క మెత్తటి మట్టిలో జానెడు దిగిపోయింది. ఇంజిను గాల్లో ఊగి రేడియేటరు వైపు పోయింది. లక్ష్మణప్ప "పక్కకి!" అని అరిచాడు. మునిరత్నమ్మ పక్కకు పోలేదు. పాత ఇంజిను పక్కన ఉన్న దిమ్మెను కాలితో తోసి, స్టాండు కాలి కిందికి నెట్టింది. ఊగడం ఆగింది. బైరప్ప గొలుసును మళ్ళీ బిగించి పట్టుకున్నాడు.

ఆ తర్వాత అసలు కష్టం. గేరుబాక్సు నుంచి వచ్చే ఇనుప కడ్డీ, ఇంజిను వెనక ఉన్న క్లచ్చు మధ్య రంధ్రంలోకి సరిగ్గా దూరాలి. దూరితే అంతా ఒక్కసారిగా కలిసిపోతుంది. దూరకపోతే వెంట్రుక వాసి తేడా అయినా కుదరదు. తొమ్మిదిన్నర, పది, పదిన్నర. ముందుకు, వెనక్కి, ఒక నూలు పైకి, ఒక నూలు కిందికి. నేను బండి కింద పడుకుని ఉన్నాను. నా కళ్ళలోకి చెమట.

పదకొండింటికి ఫోను. మునిరత్నమ్మ స్పీకరు పెట్టింది.

"పురుగులు తలకాయలెత్తి చూస్తాండాయి" అన్నాడు రవీంద్ర. "అంచుల మీదికి ఎక్కుతాండాయి. రత్నా, దిగి నేల మీద పాకుతాండాయి. నేను ఏరి ఏరి మళ్ళా తట్టలో ఏస్తాండా."

"కొంచెం సేపు."

"వాటికి చెప్పు నువ్వే, కొంచెం సేపని."

ఆమె ఫోను నడుముకు దోపుకుని, ముందరికి పోయి, ఇంజిను ముందున్న పుల్లీ చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుంది. "అన్నా, నేను తిప్పుతా. నువ్వు నెట్టు. నెట్టడం ఆపొద్దు." ఆమె అంగుళం అంగుళం తిప్పుతోంది, మేం వెనకనుంచి నెడుతున్నాం. పన్నెండుంబావుకు లోపల 'టక్' మంది. లక్ష్మణప్ప కళ్ళు మూసుకుని తల ఊపాడు. ఇంజినింక గేరుబాక్సును విడిచి రాదు.

ముందర కాళ్ళకు ఇనుప పట్టీలు కొట్టి బోల్టులు బిగించడం, రేడియేటరును ముందుకు జరపడం, పెట్రోలు ట్యాంకు కడిగే వ్యవధి లేక ఇరవై లీటర్ల క్యానులో డీజిల్ పోసి గొట్టాలు కలపడం, వీటితో రెండు గంటలు. ఈలోపు కూలీలు కోసిన ఆకు, బండికి పదడుగుల దూరంలో కుప్పగా ఉంది. దాని మీద నీళ్ళు చల్లిన గోతాలు. లక్ష్మణప్ప గొట్టాల్లో గాలి తీస్తూ, తల ఎత్తకుండానే మునిరత్నమ్మకు ఒక పని చెప్పాడు.

"గాలి పీల్చే డబ్బా ఉండాది గదమ్మా, దాని అడుగున గిన్నెలో ఆయిలు పొయ్యి. దుమ్ము దాంట్లో పడల్ల. గీత ఉండాది, గీత వరకు."

ఆమె పోసింది. ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

రెండూ నలభైకి లక్ష్మణప్ప సీట్లో కూర్చుని స్టార్టు చేశాడు. మొదటిసారి దగ్గింది. రెండోసారి నల్ల పొగ. మూడోసారి లేచింది! అబ్బ, ఆ చప్పుడు! డబడబడబ అని, రాళ్ళు దంచినట్టు. బైరప్ప ఈల వేశాడు. కిశోర్ ఫోనులో వీడియో తీస్తున్నాడు.

అర నిమిషం తర్వాత చప్పుడు మారింది. వేగం పెరుగుతోంది. లక్ష్మణప్ప పాదం వైపు చూశాను, యాక్సిలరేటరు మీద లేదు. వేగం ఇంకా పెరిగింది. ఆయన ఇంజిను ఆపే తీగ లాగాడు. ఆగలేదు. మళ్ళీ లాగాడు. తీగ చేతిలోకి వచ్చేసింది. ఇంజిను కేక పెడుతోంది. గొట్టంలోంచి తెల్లగా, నీలంగా పొగ దుప్పటిలా వచ్చింది. బండి మొత్తం అదురుతోంది. కొత్తగా కట్టిన పట్టీలు కదులుతున్నాయి.

"పరిగెత్తండి!" అన్నాడు లక్ష్మణప్ప, కిందికి దూకుతూ. "పేలుతాది! గాలి ఆగల్ల, గాలి ఆపితేనే!" అంటూనే తాను మాత్రం పరిగెత్తకుండా, స్పానరుతో గాలి గొట్టాన్ని కొట్టి ఊడదీశాడు. ఇంజిను నోరు తెరుచుకుంది. అందులో చెయ్యి పెడితే చెయ్యి పోతుంది.

మునిరత్నమ్మ ఆకు కుప్ప మీది తడి గోతాలు రెండు లాగింది. నాలుగు మడతలు వేసింది. ఇంజిను మీదికి వంగి, ఆ నోటి మీద పెట్టి, రెండు అరచేతులతో, ఒళ్ళంతటి బరువుతో అదిమింది. గోతం లోపలికి గుంజుకుపోతోంది. ఆమె మోచేతులు మడత పడుతున్నాయి. లక్ష్మణప్ప వెనకనుంచి ఆమె భుజాలు పట్టుకుని తానూ అదిమాడు. చప్పుడు సన్నబడింది. ఇంకా. ఎక్కిళ్ళు వచ్చినట్టు నాలుగు దెబ్బలు. ఆగింది.

పొగలో ఎవరూ కనపడలేదు కాసేపు. లక్ష్మణప్ప గొంతు ముందు వినపడింది. ఆయన గాలి డబ్బా కింది గిన్నె విప్పాడు. అందులో అంచు దాకా, పొంగేంతగా ఆయిలు.

"ఎవురు పోసింది ఇంత?"

"నేనే" అంది మునిరత్నమ్మ. "చాలదేమో అనిపించె. కొత్తది గదా, కొరత ఎందుకని..."

"గీత వరకంటిని గదమ్మా!"

"అంటివి."

"ఆ ఆయిలే పీల్చుకుని తాగింది. డీజిల్ ఆపితే ఏం లాభం, దానికి వేరే తిండి దొరికె." ఆయన నేల మీద కూలబడ్డాడు. "ఇది పురుగు గాదమ్మా. నిండుగా పెడితే బతకదు. కడుపు మాడ్చి పెట్టల్ల దీనికి."

బండి తొట్టిలో ఒక్క మూల ఖాళీ కనపడినా ఓర్వలేని చేతులవి. ఇరవై ఐదేళ్ళుగా పురుగులకు ఆకు నిండుగా తెచ్చిన చేతులు. ఆమె ఆకు కుప్ప వైపు తిరిగింది. గోతాలు లేని కుప్ప మీదనుంచి పొగ ఇంకా మెల్లగా పోతోంది. పైన ఆకుల మీద సన్నటి ఆయిలు తుంపర, ఎండలో మెరుస్తూ.

లక్ష్మణప్ప ఇంజినును చేత్తో తిప్పి చూశాడు. నాలుగు సిలిండర్లూ బతికే ఉన్నాయి. గిన్నె తుడిచి, గీత వరకు తానే పోశాడు. ఊడగొట్టిన గాలి గొట్టాన్ని బిగించి, తెగిన తీగ బదులు కట్టుతీగ కట్టాడు. మళ్ళీ స్టార్టు చేశాడు. మేమందరం పరిగెత్తడానికి సిద్ధంగా నిలబడ్డాం. ఈసారి ఒక్కతీరుగా కొట్టుకుంది. "దీన్ని ఆపొద్దు" అన్నాడు. "డైనమో ఇంకా కలపలే. బ్యాటరీ నీరసపడి ఉండాది. ఆపితే మళ్ళా లేస్తాదని నేను చెప్పలేను."

మూడున్నరకు ఆకు ఎక్కించుకుని బయలుదేరాం. స్టీరింగు మునిరత్నమ్మ, పక్కన లక్ష్మణప్ప, తలుపు దగ్గర నేను. బండిని షెడ్డుకు వంద అడుగుల దూరంలో, గాలి షెడ్డు వైపు పోని చోట నిలబెట్టి, ఇంజిను ఆపకుండా లక్ష్మణప్పను కాపలా ఉంచి, ఆకు గోతాన్ని ఆమె తలకెత్తుకుంది.

రవీంద్ర గడపలోనే ఆపాడు. సన్నటి మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక ఆకు తీసుకుని వాసన చూశాడు.

"ఏమిది?"

"ఇంజిను పొగ తగిలింది."

"ప్లేటు పెట్టల్ల."

పోయిన పంట తర్వాత ఆయన పెట్టుకున్న నియమం అది. అనుమానం వస్తే పదిహేను పురుగులకు ఆ ఆకు వేసి గంట చూడాలి. ఆ గంట మిగతావాటికి ఏమీ వేయకూడదు.

"గంటనా? పొద్దున్నుంచి ఖాళీ కడుపుతో ఉండాయప్పా!"

"ఉండనీ."

"ఇంకో గంట ఆగితే ఇవి ఏమైతాయో నీకు తెలీదా?"

"తెలుసు. ఈ ఆకు తింటే ఏమైతాయో గూడ తెలుసు. పూడ్చింది నేను గదా, నువ్వు గాదు గదా."

గోతం కింద పెట్టింది. రెండు ప్లేట్లు పెట్టారు. ఒకదాంట్లో కుప్ప పైనున్న ఆకు, రెండోదాంట్లో కుప్ప నడిమధ్యలోది. ఇద్దరూ ప్లేట్ల ముందు గొంతుక్కూర్చున్నారు. చుట్టూ తట్టల్లో వేల పురుగులు తలలు ఎత్తి గాల్లో వెతుకుతున్నాయి. రవీంద్ర మాటిమాటికీ లేచి, నేల మీద పడినవాటిని ఏరి తట్టల్లో వేసి మళ్ళీ వచ్చి కూర్చుంటున్నాడు. బయట ఇంజిను డబడబ. నేను గడియారం చూడకుండా ఉండాలని చూశాను, కుదరలేదు.

ఇరవై నిమిషాలకు మొదటి ప్లేటులో పురుగులు ఆకును తాకి, తల తిప్పుకుని, అంచుకు పాకాయి. ఒకటి పచ్చగా ఒక చుక్క కక్కింది. మునిరత్నమ్మ ఆ ప్లేటును మెల్లగా దూరం జరిపింది. రెండో ప్లేటులో తింటున్నాయి. గంటకు కూడా తింటూనే ఉన్నాయి, ఆకు అంచు నుంచి కిందికి, కిందినుంచి పైకి, రంపం కోసినట్టు.

"నడిమిది ఎయ్యొచ్చు" అన్నాడు రవీంద్ర. "పైది పారబొయ్యల్ల."

"ఎంత మిగులుతాది?"

"సగం. సగానికి తక్కువ."

ఆమె లేచింది. రేష్మె ఇలాఖె, అంటే పట్టు శాఖ, వాళ్ళిచ్చిన క్యాలెండరు వెనక ఉన్న తువ్వాలు తీసి మొహం తుడుచుకుంది. అరచేతులు రెండూ ఎర్రగా వాచి ఉన్నాయి, గోతం అల్లిక అచ్చుపడి.

"ఉండేది ఎయ్యి. నేను మళ్ళా పోతాండా."

"ఆ చేతుల్తోనా? కిశోర్‌ని తోలమను."

"దాని క్లచ్చు నాకే అర్థం గాలేదు ఇంకా, వానికేం తెలుస్తాది."

ఐదున్నరకు మళ్ళీ తోటలో ఉన్నాం. కూలీలు ఇంటికి పోకుండా ఇంకో కుప్ప కోసి ఉంచారు. ఈసారి బండిని కుప్పకు దూరంగా, గాలి కుప్ప వైపు పోని చోట పెట్టింది. ఇంజిను ఆపలేదు. అందరం గోతాలు మోసి ఎక్కిస్తుండగా ఫోను మోగింది. ఆమె స్పీకరు నొక్కింది.

"వింటాండావా?" అన్నాడు రవీంద్ర. ఫోనును తట్ట మీద పెట్టినట్టున్నాడు, ఆయన గొంతు దూరమైంది.

"ఏమీ వినపడలే. ఇంజిను కొట్టుకుంటాంది."

"ఒక్క నిమిషం ఆపి విను."

"ఆపితే మళ్ళా లేస్తాదో లేదో. నోటితో చెప్పప్పా నువ్వు."

అటువైపు ఆయన ఫోను మళ్ళీ చేతికి తీసుకున్నాడు.

"తింటాండాయి" అన్నాడు. "అన్నీ తింటాండాయి రత్నా. ఇంకో అరగంటలో అయిపోతాది ఆకు. బిన్నా రా, ఆలస్యం చెయ్యొద్దు."

"వస్తాండా" అని ఆమె ఫోను నడుముకు దోపుకుని సీటెక్కింది. క్లచ్చు తొక్కి గేరు వేసింది. గేరు గరగరమని గట్టిగా అరిచింది. ఆమె మళ్ళీ తొక్కి, మళ్ళీ వేసింది.